ఈ జాతర అవగానే చెప్పండి, వచ్చే జాతరకు చేయండి

తెలంగాణ దేవాదాయ శాఖ అధికారులకు, మేడారం జాతర ఏర్పాట్లు చూసే మంత్రులకు, కమిటీ పెద్దలకు,

నమస్కారం.

2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతర జరిగింది. సమ్మక్క, సారలమ్మ అమ్మలు వనప్రవేశం చేశారు, జాతర తర్వాత చేసే తిరుగువారం కూడా అయిపోయింది. రద్దీ మీద, బస్సుల మీద, మంచినీళ్ల మీద మీకు ఉత్తరాలు చాలానే వచ్చి ఉంటాయి. నేను అడగదలచుకున్నది వేరు. మన మనుమలు, మునిమనుమలు మేడారం వచ్చినప్పుడు దేనికి మొక్కుతారు? ఏమని నమ్ముతారు? ఇలాంటి ప్రశ్నలతో దేవాదాయ శాఖకు ఏం పని అని మీరు అనవచ్చు. ఆ ప్రశ్నలకు జవాబు ఇప్పుడు మీ ఫైళ్లలోనే తయారవుతోంది కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను కోయను కాను. వరంగల్ వైపు వ్యవసాయ కుటుంబం మాది. ఇంట్లో బిడ్డ పుడితే నిలువెత్తు బంగారం (బెల్లాన్నే బంగారం అంటాం) మొక్కుకోవడం, జాతర ఏడాది రాగానే బెల్లం కొని మూటలు కట్టడం తాతల నాటి నుంచి ఉన్న అలవాటు. తాతలు ఎడ్లబండ్ల మీద వచ్చారు, మేం ఆర్టీసీ బస్సుల్లో వచ్చాం, పిల్లలు కార్లలో వస్తున్నారు. ఈ జాతరను ఇంత పెద్దది చేసిన జనంలో మేమూ ఉన్నాం. కాబట్టి మేడారం అడవిలో ఎప్పటిలాగే ఉండిపోవాలని కోరే హక్కు నాకు లేదు, ఆ కోరికా లేదు.

అసలు మేడారం ఎప్పుడూ ఒకేలా లేదు. 1940ల వరకు ఈ వేడుక మేడారం దగ్గరి చిలకలగుట్ట మీద కోయల మధ్యనే జరిగేదని, ఆ తర్వాతే కిందికి దిగి అందరి జాతర అయిందని పెద్దలు చెబుతారు. తర్వాత మీ శాఖ వచ్చింది, హుండీలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. 1996లో రాష్ట్ర పండుగ అయింది. సమ్మక్క గుట్ట దిగి వచ్చేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం పలకడం ఇప్పుడు జాతరలో భాగమే. కాకతీయుల సైన్యంతో పోరాడి అడవిలో అదృశ్యమైన తల్లికి ప్రభుత్వ తుపాకి వందనం చేస్తుంది. ఇది ఎవరు మొదలుపెట్టారో గానీ, చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మార్పులన్నీ చెడ్డవి కావనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అయితే మొన్నటి జాతరకు ముందు జరిగిన మార్పు వేరే రకం. అమ్మలు కొలువుదీరే గద్దెల ప్రాంగణాన్ని రాతితో తిరిగి కట్టారు. సమ్మక్క, ఆమె కూతురు సారలమ్మ, భర్త పగిడిద్దరాజు, అల్లుడు గోవిందరాజుల గద్దెలను ఒకే వరుసలోకి తెచ్చారు. రాళ్ల మీద కోయల గోత్రాల గుర్తులు, కథల బొమ్మలు చెక్కించారు. పని శ్రద్ధగా చేశారు, కాదనను. బొమ్మలకు కోయల సంప్రదాయాన్నే ఆధారం చేసుకోవడం మెచ్చుకోవాల్సిన సంగతి. వరుస మారితే దర్శనం సులువవుతుందన్న లెక్క కూడా అర్థమవుతుంది. నా భయం ఈ ఒక్క కట్టడం గురించి కాదు. ఇలాంటి పని ఏ పద్ధతిలో జరుగుతోంది, ఇకముందు ఏ పద్ధతిలో జరుగుతుంది అన్నదే నా భయం.

యాదగిరిగుట్ట సంగతి చూడండి. ఆ ఆలయాన్ని మొత్తంగా కృష్ణశిలతో పునర్నిర్మించి 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. అంత మార్పు జరిగినా స్వామి మారలేదు, పూజ మారలేదు. ఎందుకంటే అక్కడ ఆగమం ఉంది. ఏ రాయి ఎక్కడ ఉండాలి, ఏ దిక్కుకు ఏ ద్వారం పెట్టాలి, ఎవరు ఏ మంత్రం చదవాలి అన్నది గ్రంథాల్లో ఉంది. స్థపతి తప్పు చేస్తే ఆ గ్రంథం తెరిచి చూపించవచ్చు. ఇంజనీరు మాట, అర్చకుడి మాట తేడా వస్తే తేల్చడానికి మూడో సాక్షి ఉంది.

మేడారంలో ఆ మూడో సాక్షి లేదు. విగ్రహం లేదు, గోపురం లేదు, గ్రంథం లేదు. ఒక కుంకుమ భరిణె, కొంత వెదురు, మట్టి గద్దె, నాలుగు ఊళ్ల మనుషుల జ్ఞాపకం, ఇంతే. సారలమ్మ కన్నెపల్లి నుంచి రావాలి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి అడవి దారిన కాలినడకన రావాలి, గోవిందరాజు కొండాయి నుంచి రావాలి. జాతరకు ముందు చేసే గుడిమెలిగె, మండమెలిగె పండుగలు బుధవారాల్లోనే జరగాలి. ఎవరు ముందు నడవాలి, ఎక్కడ ఆగాలి, ఏది బయటికి చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్నవన్నీ సిద్దబోయిన, కొక్కెర, కాక, పెనక, దబ్బగట్ల అనే కోయ పూజారుల ఇళ్ల వాళ్లు చేస్తూ నేర్చుకున్నవి, చేస్తూ నేర్పినవి. ఇక్కడ నమ్మకం పుస్తకంలో దాచుకున్నది కాదు, చేతల్లో ఉన్నది. కాబట్టి చేసే తీరు మారితే నమ్మకమూ మారిపోతుంది. అదీ ఒక్క తరంలోనే. మొన్న గద్దెలు ఒకే వరుసలో చూసిన ఆరేళ్ల పిల్లకు, అవి మొదటి నుంచీ అలాగే ఉన్నాయి.

గురువారం సాయంత్రాన్ని గుర్తు చేసుకోండి. చిలకలగుట్ట చుట్టూ ఎటు చూసినా మనుషులే. దారి పొడవునా ఆడవాళ్లు పసుపు కుంకుమలతో ముగ్గులు పెట్టి కూర్చుంటారు. శివసత్తులకు పూనకం వస్తుంటుంది. అమ్మకు ఎదురిచ్చే కోళ్లు పట్టుకుని జనం మెడలు చాచి చూస్తుంటారు. బెల్లం కరిగి కాళ్ల కింద జిగటగా అంటుకుంటుంటుంది. గుట్ట మీద ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ కనిపించదు. ప్రధాన వడ్డె, అంటే కోయ పూజారి, పైకి వెళతాడు. ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కలెక్టరైనా, మంత్రైనా కింద నిలబడి ఎదురుచూడాల్సిందే. ఆయన భరిణెతో దిగి వచ్చేటప్పుడు ఆ ముఖం చూసిన వాళ్లకు, అమ్మ వచ్చిందా రాలేదా అన్న సందేహం ఉండదు.

ఆ కనిపించకపోవడమే మేడారం బలమని నా గట్టి నమ్మకం. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. లైవ్ ప్రసారాలు వచ్చాయి. ఈసారి కాకపోతే వచ్చేసారి, గుట్ట మీదికి ఒక కెమెరా వెళ్లకుండా ఎవరు ఆపగలరు? వెళ్లాక దాన్ని వెనక్కి తేవడం కుదరదు. ఫోనులో ఒక్కసారి కనిపించిన రహస్యం మళ్లీ రహస్యం కాదు. కెమెరాలను ఆపే నిబంధన ఉందని మీరంటే సంతోషమే. అయితే ఆ నిబంధనను కాగితం మీద పెట్టి జాతరకు నెల ముందే అందరికీ తెలిసేలా ప్రకటించండి.

దూరం నుంచి మొక్కే పద్ధతుల గురించి కూడా ఒక మాట. మొక్కిన బెల్లాన్ని మేడారం చేర్చడం, ప్రసాదాన్ని ఇంటికి చేర్చడం ఆర్టీసీ పార్సిల్ సర్వీసు పనుల్లో చేరిపోయాయి. హన్మకొండ నుంచి హెలికాప్టర్లు తిరిగాయి. వీటిని చూసి ముక్కు విరిచే వాళ్లతో నేను ఏకీభవించను. మంచం మీద ఉన్న ముసలమ్మకు, గల్ఫ్‌లో కూలి చేసే కొడుక్కి, డాలస్‌లో సెలవు దొరకని కూతురికి ఆ పార్సిలే జాతర. అక్కడ నమ్మకం సన్నబడుతోందని ఎవరైనా అంటే, ఆ పెట్టె విప్పేటప్పుడు వాళ్ల చేతులు చూడమంటాను. కానీ ఒక్కటి నిజం. జంపన్నవాగులో మునగని, అడవిలో రాత్రి పడుకోని, ఎదురుచూడని తరానికి అమ్మలు తెర మీది దేవతలుగానే పరిచయమవుతారు. తెరకు బొమ్మ కావాలి. అందుకే క్యాలెండర్లలో, ఫ్లెక్సీల్లో ఇద్దరికీ నగలు, కిరీటాలు, వాహనాలు వచ్చేశాయి. అగ్రంపహాడ్, రేకుర్తి, వీణవంక లాంటి చోట్ల జరిగే చిన్న మేడారాలకు వెళ్లే వాళ్లలో అసలు మేడారం చూడని వాళ్లెందరో. వాళ్ల పిల్లలు ఒకనాడు మేడారం వచ్చి గద్దె ముందు నిలబడి "అమ్మవారు ఏరీ?" అని అడుగుతారు. అప్పుడు మీ శాఖలో ఎవరో మంచి మనసుతోనే ఒక విగ్రహానికి ప్రతిపాదన పెడతారు. ఆ ఫైలు కదిలితే ఆపేదెవరు?

ఇది ఊహ మాత్రమే కదా అనకండి. ఊరి పొలిమేర మీద రాయిగా, వేపచెట్టుగా ఉన్న తల్లులు ఎందరు గుళ్లలోకి మారి, బలులు మానేసి, వేరే పేర్లతో అర్చనలు అందుకుంటున్నారో తెలుగునాట ప్రతి ఊరికీ తెలుసు. కొన్ని చోట్ల ఊరివాళ్లే కోరి మార్చుకున్నారు. వాళ్ల తల్లి, వాళ్ల ఇష్టం. కొన్ని చోట్ల మాత్రం ఎవరు మార్చారో ఊరికే తెలియదు. గోడ లేచింది, రంగు పడింది, కొత్త పూజారి వచ్చాడు, తరాలుగా ఆ తల్లిని కొలిచిన పాత బైండ్లవాడు గుడి బయట నిలబడ్డాడు.

కేస్లాపూర్ నాగోబా దగ్గర జరిగింది మీకు తెలిసే ఉంటుంది, అయినా మళ్లీ చెబుతాను. ఇంద్రవెల్లి మండలంలోని ఆ నాగదేవుడి గుడి గోండుల్లోని మెస్రం వంశీయులది. వాళ్లు ఏటా చెప్పులు లేకుండా నడిచి గోదావరిలోని హస్తినమడుగు నుంచి నీళ్లు తెస్తారు. సిరికొండలో చేయించిన కొత్త కుండలు వాడతారు. కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసి, పుష్య అమావాస్య అర్ధరాత్రి పూజ చేస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను ఆ రాత్రే నాగోబాకు పరిచయం చేస్తారు. పరిచయం కాని కోడలికి వంశ పూజల్లో చోటు లేదు. అంత కట్టుబాటు ఉన్న వాళ్లు తమ పాత గుడి చాలదని, కొత్తగా రాతి గుడి కట్టాలని అనుకున్నారు. వంశంలోని రైతులు, ఉద్యోగులు తలా కొంత వేసుకున్నారు. సుమారు 5 కోట్ల రూపాయలు పోగు చేసి, 2022 డిసెంబరులో కొత్త గుడి ప్రారంభించారు.

చూడటానికి అదీ రాయే, ఇదీ రాయే. అయితే కేస్లాపూర్‌లో ఏ స్తంభం ఎందుకు నిలబెట్టారని అడిగితే జవాబు చెప్పేది మెస్రం ఇళ్ల వాళ్లే. రేపు అది నచ్చకపోతే తీసేసేదీ వాళ్లే. వాళ్ల నమ్మకం మారింది, మారుతోంది, ఇంకా మారుతుంది. కొందరు యువకులు చదువుకుని తమ ఆచారాలకు కొత్త అర్థాలు వెతుకుతున్నారు. కొందరికి ఆ అర్థాలు నచ్చవు. ఆ తగవు వాళ్ల ఇంటి తగవు. అందులో ప్రభుత్వం పాత్ర 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మొదలుపెట్టిన దర్బారు లాంటిదే. అధికారులు వచ్చి కూర్చుంటారు, కష్టాలు వింటారు, వెళతారు. పూజ సంగతిలో వేలు పెట్టరు.

మేడారంలో వడ్డెల అంగీకారం తీసుకున్నామని మీరు చెప్పారు. నిజమే, తీసుకున్నారు. కానీ ఆ అంగీకారం ఎలాంటి పరిస్థితిలో వచ్చిందో ఒకసారి ఆలోచించండి. ఒక పక్క మంత్రులు, కలెక్టర్లు, ఇంజనీర్లు. టేబుల్ మీద ముందే గీసిన నమూనా. నెలల్లో జాతర. కోట్ల నిధులు మంజూరయ్యాయన్న వార్త అప్పటికే పత్రికల్లో వచ్చేసింది. ఎదురుగా కూర్చున్న కొద్దిమందికి రోడ్డూ కావాలి, ఆసుపత్రీ కావాలి, పిల్లలకు ఉద్యోగాలూ కావాలి. అవన్నీ ఇవ్వాల్సిందీ మీరే. అక్కడ "వద్దు" అన్న మాట ఎవరి నోటి నుంచి వస్తుంది? ఎవరినీ బెదిరించారని నేను అనడం లేదు. కాదనడానికి వీలులేనంత మర్యాదగా అడిగారని అంటున్నాను.

మరో సంగతి. ఈ కథను పాడి నిలబెట్టిన వాళ్లు వడ్డెలు ఒక్కరే కాదు. కోయల్లో పాటగాళ్లయిన డోలీ కోయలు పడిగెలు, అంటే వంశాల కథల బొమ్మలున్న గుడ్డ జెండాలు, విప్పి, వంశాల చరిత్ర రాత్రుళ్లు పాడుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు ఆ కళకే 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయల పాటగా ఆయన నోట విన్న వాళ్లు అదృష్టవంతులు. 2024లో ఆయన కన్నుమూశారు. జాతర దుకాణాల్లో అమ్మే చిన్న పుస్తకాల్లోని కథకు, పడిగె ముందు పాడే కథకు తేడాలున్నాయి. రెండూ బతకాలి. అయితే పుస్తకం కథ మైకులో వినిపిస్తుంది, బోర్డుల మీద కనిపిస్తుంది, తెర మీద ఆడుతుంది. పాట కథకు మాత్రం పాడేవాడు కావాలి, ఆ భాష అర్థమయ్యే పిల్లలు కావాలి. ఆశ్రమ పాఠశాలల్లో ఆ పిల్లలు తెలుగులో, ఇంగ్లిషులో చదువుకుంటున్నారు. తప్పు లేదు, చదవాలి. కానీ వాళ్ల అమ్మల కథ వాళ్లకే బయటి నుంచి, మన మాటల్లో చేరుతోంది.

ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారో నాకు తెలుసని చెప్పను. కొందరు అయ్యప్ప మాల వేస్తున్నారు, కొందరు చర్చికి వెళుతున్నారు. కొందరు మా ధర్మం వేరు, దానికి పేరు కావాలి అంటున్నారు. ఆ మాట అనేది ఇక్కడి వాళ్లే కాదు. 1931 జనాభా లెక్కల్లో గిరిజన మతాలకు విడిగా లెక్క ఉండేది. ఇప్పుడు ఆరు మతాలకే కోడ్ ఉంది, మిగిలిందంతా ఇతరుల పద్దులో పడుతుంది. అయినా 2011లో సుమారు 49 లక్షల మంది జార్ఖండ్ వైపు ఆదివాసీల మతమైన సర్నా అని, పది లక్షలకు పైగా గోండి అని పట్టుబట్టి రాయించుకున్నారు. 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ సర్నాకు ప్రత్యేక కోడ్ కావాలని తీర్మానించింది. 2027 జనాభా లెక్కల్లో మేడారం ఇళ్ల ముందుకు గణకుడు వచ్చి మతమేమిటని అడుగుతాడు. వాళ్లు ఏం చెప్పాలో వాళ్లే తేల్చుకోవాలి, నేను సలహా ఇవ్వను, మీరూ ఇవ్వకండి. కానీ గద్దెలను ఏ పద్ధతిలో కడతారో, బోర్డు మీద ఏమని రాస్తారో, మైకులో ఏ కథ వినిపిస్తారో అవి కూడా ఆ జవాబు మీద ప్రభావం చూపుతాయి.

అందుకే నా కోరిక ఒక్కటే, చిన్నదే. గద్దెలకు, గుట్టకు, అమ్మలు వచ్చే దారులకు, పూజ వేళలకు సంబంధించి శాశ్వతమైన మార్పు ఏది తలపెట్టినా ఒక జాతర అవగానే చెప్పండి, తర్వాతి జాతరకు చేయండి. మధ్యలో రెండేళ్లు ఉంటాయి. ఆ రెండేళ్లలో మేడారం, కన్నెపల్లి, పూనుగొండ్ల, కొండాయి ఊళ్లలో ఇంటింటా మాట నడుస్తుంది. పెద్దలు ఒప్పుకున్నది కుర్రవాళ్లు కాదనవచ్చు, కుర్రవాళ్లు కోరింది ముసలివాళ్లు వద్దనవచ్చు. ఆడవాళ్ల మాట కూడా బయటికి వస్తుంది. మీ సమావేశాల ఫొటోల్లో ఇప్పటిదాకా నాకు వాళ్లు కనిపించలేదు. చివరికి తేలిన మాటను కోయలో, తెలుగులో రాసి, ఒప్పుకున్న వాళ్ల, ఒప్పుకోని వాళ్ల అభిప్రాయాలతో సహా నాలుగు ఊళ్లలో గోడకు అంటించండి.

ప్రాణాలకు సంబంధించిన పనులకు ఈ ఆలస్యం వర్తించనక్కరలేదు. తొక్కిసలాట జరగకుండా క్యూలైన్లు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, జంపన్నవాగు దగ్గర ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, ఇవి రేపే కట్టండి, ఎవరినీ అడగనక్కరలేదు. గద్దెల చుట్టూ ఉన్న సాలహారం గోడ లోపలిది మాత్రం ఆగి అడగాల్సిన పని.

పాటలను, పడిగెలను రికార్డు చేసే పని ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి అప్పగిస్తే సంతోషిస్తాను. ఒక షరతు ఉండాలి. ఏది బయటికి వినిపించాలి, ఏది పెట్టెలో ఉండాలి అన్నది పాడిన వంశం చెప్పాలి. పెట్టె తాళం వాళ్ల దగ్గరే ఉండాలి.

ఇన్ని పట్టింపులతో రెండేళ్లు ఆగితే నిధులు వెనక్కి పోతాయని మీ లెక్కల అధికారి అంటాడు. అందులో నిజం ఉంది. ఆ చిక్కును విప్పే తెలివి, అధికారం మీ దగ్గరే ఉన్నాయి, నా దగ్గర లేవు. మంజూరైన సొమ్మును రెండు బడ్జెట్ల పాటు నిలిపి ఉంచే దారి మిగతా పనులకు దొరికినట్లే దీనికీ దొరుకుతుంది.

2028 జాతరకు ఏమైనా కొత్తది తలపెట్టి ఉంటే ఇప్పుడే చెప్పండి. జాతర నాలుగు రోజుల్లో మాత్రం అడగకండి, అప్పుడు వడ్డెలకు కూర్చునే తీరిక కూడా ఉండదు. బయటి జనం వెళ్లిపోయి, ఊరు ఊడ్చుకుని, ఎవరి ఇళ్లకు వాళ్లు చేరాక నలుగురు అధికారులు, ఒక కోయ భాష తెలిసిన మనిషి, ఫొటోగ్రాఫర్లు లేకుండా వెళ్లి అడగండి. వద్దంటే ఎందుకని అడగకుండా తిరిగి రండి.

ఇట్లు,
జాతర జాతరకు అమ్మలకు బంగారం మొక్కే వరంగల్ వైపు రైతు